వెయ్యో వంతులు మూడు: పొట్టి రైఫిల్ మీద చెక్కిన పేరు



న్యాయశాస్త్రం చెప్పిన మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు విషయం నా ఇష్టానికే వదిలేశారు. అమెరికాలో సొంతంగా తయారుచేసుకునే పొట్టి రైఫిల్ మీద ఏమేం చెక్కించాలో చెప్పే చట్టం గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు ఫోన్‌లో కాసేపు పలకలేదు. ఆ తర్వాత, "మాస్టారికీ తుపాకులకీ ఏం సంబంధమండీ?" అన్నారు. ఏ సంబంధమూ లేదు. ఆయన జన్మలో తుపాకి ముట్టుకున్న మనిషి కాదు. కానీ సాక్ష్య చట్టం పాఠం మొదలుపెట్టే రోజున ఇంటి నుంచి ఒక ఇత్తడి చెంబు తెచ్చి బల్ల మీద పెట్టేవారు. దాని మెడ కింద వాళ్లమ్మగారి పేరూ, ఊరి పేరూ చుక్కలు చుక్కలుగా కొట్టి ఉండేవి. ఈ చెంబు కోర్టుకు వస్తే తనంతట తాను ఎంతవరకు చెబుతుంది, ఎక్కణ్ణుంచి మనం సాక్షిని పిలవాలి అని అడిగేవారు. ఆ గంటంతా దాని మీదే నడిచేది. ఇవాళ నేను తెచ్చింది ఇంకో చెంబు, అంతే.

2024 చలికాలంలో డాలస్ పక్కన మా మేనల్లుడి ఇంట్లో ఉన్నాను. వాళ్ల పక్కింటాయన గుంటూరు వాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అమెరికా పౌరసత్వం వచ్చి చాలా ఏళ్లయింది. ఒక శనివారం పొద్దున, "అంకుల్, పేరు కొట్టించడానికి వెళ్తున్నా, వస్తారా?" అన్నాడు. గృహప్రవేశానికి పంచే స్టీలు గిన్నెలేమో అనుకుని చెప్పులేసుకున్నాను. తీరా వెళ్లి చూస్తే అతను డబ్బాలోంచి తీసింది తుపాకి రిసీవరు. గొట్టం లేదు, బట్ లేదు. అరచేతికి కాస్త మించిన నల్లటి అల్యూమినియం ముక్క. అమెరికన్ చట్టం దృష్టిలో ఆ ముక్కే తుపాకి. మిగిలినవన్నీ విడిభాగాలు.

చెక్కేవాడు దాన్ని బిగింపులో పెట్టి, అక్షరాలు కంప్యూటరు తెర మీద చూపించి, స్పెల్లింగు చదవమన్నాడు. ఒకసారి చదివించి ఊరుకోలేదు, మూడుసార్లు చదివించాడు. లేజరు ఒకే గీత మీద మళ్లీ మళ్లీ తిరిగింది. నల్లటి పూత లేచిపోయి కింద తెల్లటి లోహం బయటపడింది. మన కంచరి ఉలి దెబ్బకు ఇత్తడి మెరిసినట్టే. చివర్న సూదిమొన లాంటి గేజీ పెట్టి లోతు కొలిచాడు. అంకె చూసి తల ఊపాడు. ఆ తల ఊపడం వెనక తొంభై ఏళ్ల చట్టం ఉంది.

ఆ చట్టం 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్. మద్యనిషేధ కాలపు ముఠాల కాల్పులు, 1929 వాలెంటైన్స్ డే నాటి షికాగో హత్యాకాండ ఇంకా జనం కళ్లముందే ఉన్న రోజులవి. రూజ్వెల్ట్ అటార్నీ జనరల్ హోమర్ కమ్మింగ్స్ తెచ్చిన తొలి ముసాయిదాలో మెషిన్‌గన్లతో పాటు పిస్టళ్లు, రివాల్వర్లు కూడా ఉన్నాయి. పిస్టలు మీద ఆంక్ష పెడితే జనం రైఫిల్ గొట్టాన్ని కోసి చొక్కా కింద దాచుకుంటారు కదా, ఆ దొడ్డిదారి మూయడానికి పొట్టి రైఫిల్‌ను కూడా జాబితాలో చేర్చారు. తర్వాత ఒత్తిళ్లు వచ్చాయి. పిస్టళ్లు జాబితాలోంచి బయటపడ్డాయి. దొడ్డిదారికి వేసిన తాళం మాత్రం అలాగే ఉండిపోయింది. పెళ్లి ఆగిపోయినా పందిరి విప్పలేదన్నమాట. ఇవాళ్టికీ అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జేబులో పట్టే పిస్టలు కొనడం తేలిక. దానికి రెండింతల పొడవున్న పొట్టి రైఫిల్ చేసుకోవాలంటే మాత్రం కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఇందులో తర్కం వెతికితే దొరకదు. చరిత్ర దొరుకుతుంది.

పొట్టి అంటే ఎంత? బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గిన రైఫిల్. లేదా రైఫిల్‌ను మార్చి చేసిన ఆయుధం మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గడం. మొదట్లో గొట్టం హద్దు 18 అంగుళాలు, 1960లో రైఫిళ్లకు దాన్ని 16 చేశారు. కొలిచే పద్ధతి నాకు బాగా నచ్చింది. బోల్టు మూసి, మూతి వైపు నుంచి ఒక సన్నటి కర్రపుల్లను అది తగిలేదాకా లోపలికి దించుతారు. మూతి దగ్గర గీత పెట్టి, పుల్ల బయటికి తీసి కొలుస్తారు. గొట్టం చివర మరలతో బిగించిన తొడుగు లెక్కలోకి రాదు. వెల్డింగుతోనో వెండి టాంకాతోనో శాశ్వతంగా అతికితేనే వస్తుంది. నూనె డబ్బాలో పుల్ల ముంచి మట్టం చూసే కొట్టువాడి పద్ధతి ఇదే.

ఇక్కడ మన విద్యార్థులు ఒక మాట పట్టుకోవాలి. చట్టంలో 'మేక్' అనే క్రియకు అర్థం చాలా విశాలంగా ఇచ్చారు. కొత్తగా చేయడమే కాదు. ఉన్నవాటిని కలపడం, మార్చడం కూడా తయారీయే. దుకాణంలో కొన్న మామూలు రైఫిల్‌కు 14 అంగుళాల గొట్టం బిగిస్తే, పది నిమిషాల పనికి మీరు 'మేకర్' అయిపోతారు. తయారీదారు అన్న హోదా, దాంతో వచ్చే బాధ్యతలు, అన్నీ మీ నెత్తిన పడతాయి.

ఈ 'మేక్' ఎంతదూరం సాగుతుందన్న ప్రశ్న 1992లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. థాంప్సన్ సెంటర్ ఆర్మ్స్ అనే కంపెనీ ఒక పిస్టలునూ, దానికి భుజానికి ఆనించే బట్‌నూ, 21 అంగుళాల గొట్టాన్నీ కలిపి ఒకే కిట్‌గా అమ్మింది. పొడవు గొట్టమూ బట్టూ కలిపితే మామూలు రైఫిల్. పిస్టలు తాలూకు 10 అంగుళాల గొట్టం ఉంచేసి బట్ తగిలిస్తే ఆంక్షలున్న పొట్టి రైఫిల్. ఇంకా కలపకుండా పెట్టెలో పడి ఉన్న సామాను తయారైనట్టా కానట్టా? కంపెనీ ఆ 1934 చట్టం విధించే 200 డాలర్ల పన్ను కట్టి, ఆ డబ్బు తిరిగి ఇవ్వమని దావా వేసింది. చట్టంలో సందిగ్ధం ఉంటే అది పౌరుడికే అనుకూలించాలన్న సూత్రం మీద కంపెనీ గెలిచింది. 200 డాలర్ల దావా, దేశ అత్యున్నత న్యాయస్థానం! మాస్టారు విని ఉంటే ఆ కేసు మీద వారం రోజులు చెప్పేవారు.

ఇక చెక్కడం సంగతి. పన్ను స్మృతిలోని 5842వ సెక్షను ప్రకారం ఇలాంటి తుపాకి చేసే ప్రతివాడూ దాని మీద సులభంగా చెరిపేయలేని క్రమసంఖ్య, తయారీదారు పేరు, నిబంధనలు అడిగే ఇతర వివరాలు ఉండేలా చూడాలి. ఆ నిబంధనలు 27 సీఎఫ్ఆర్ 479.102లో ఉన్నాయి. క్రమసంఖ్య, మీ పేరు, మీరు దాన్ని తయారుచేసిన ఊరు, రాష్ట్రం. వీటితో పాటు క్యాలిబరు, మోడలు పేరు పెట్టి ఉంటే అదీ. ఫ్యాక్టరీ రిసీవరు మీద క్రమసంఖ్య ముందే ఉంటే దాన్నే వాడుకోవాలి. కొత్తది చెక్కి రెండు నంబర్ల తుపాకి చేయకూడదు. కాబట్టి మా గుంటూరాయన చెక్కించుకున్నది తన పేరు, ఊరు, రాష్ట్రం. అంతే.

అక్షరం లోతు కనీసం అంగుళంలో వెయ్యో వంతులు మూడు. క్రమసంఖ్య అంకెల ఎత్తు కనీసం అంగుళంలో పదహారో వంతు. 2002 జనవరి 30 నుంచి చేసినవాటికి ఇది వర్తిస్తుంది. మన లెక్కలో లోతు 0.076 మిల్లీమీటరు, ఇంచుమించు తలవెంట్రుక మందం. ఎత్తు మిల్లీమీటరున్నర పైచిలుకు, ఆవగింజంత.

వెంట్రుకంత లోతుకు ఇంత పట్టింపేమిటి అనిపించవచ్చు. నిబంధన రాసినవాడు మాత్రం ఇంకో అడుగు లోపలికి వెళ్లాడు. లోతును లోహపు చదునైన ఉపరితలం నుంచి కొలవాలట, లేచిన అంచుల నుంచి కాదు. ఉలి దిగినప్పుడైనా లేజరు కాల్చినప్పుడైనా గీతకు రెండువైపులా లోహం గట్టులా పైకి లేస్తుంది. దుక్కి చాలు పక్కన మట్టి లేచినట్టు. ఆ గట్టు మీద గేజీ పెడితే లేని లోతు ఉన్నట్టు కనిపిస్తుంది. పొలం గట్ల తగాదాలు చూసినవాళ్లకి ఈ వాక్యం ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పక్కర్లేదు.

మొదట్లో పేరు, ఊరు గొట్టం మీద చెక్కినా సరిపోయేది. గొట్టం అరిగిపోయే భాగం, రేపు మార్చేస్తారు, దాంతో పేరూ పోతుంది. 2022 ఆగస్టు 24 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనలు క్రమసంఖ్యతో పాటు పేరునూ ఊరునూ ఫ్రేము లేదా రిసీవరు మీదికే తెచ్చాయి.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. అమ్మకానికి కాకుండా తన సొంతానికి మామూలు రైఫిల్ ఇంట్లో చేసుకునే వ్యక్తిని కేంద్ర చట్టం ఏమీ చెక్కమని అడగదు. కొన్ని రాష్ట్రాలు అడుగుతాయి, అది వేరే సంగతి. గొట్టం 16 అంగుళాలు దాటితే ఆ తుపాకి అనామకంగా ఉండవచ్చు. ఒక గోరు వెడల్పు తగ్గితే దానికి పేరు, ఊరు, నంబరు ఉండి తీరాలి. దరఖాస్తు, వేలిముద్రలు, ఫొటో, ముందస్తు అనుమతి కావాలి. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో మామూలు పౌరుడికి ఇవన్నీ ఉన్నా కుదరదు. అనుమతి రాకముందే గొట్టం బిగిస్తే పదేళ్ల దాకా జైలు. ఆ దరఖాస్తులో, ఈ తుపాకి ఎందుకు చేయదలచారు అని ఒక గడి ఉంటుంది. అందరూ దాదాపు ఒకటే రాస్తారట: చట్టబద్ధమైన అన్ని ప్రయోజనాల కోసం. మన రిజిస్ట్రాఫీసు దస్తావేజుల్లో 'నా సొంత ఖర్చుల నిమిత్తం' అన్నట్టు.

మరి ఆ పేరు ఎవరు చదువుతారు? ఇక్కడే చెంబు పాఠం అక్కరకొస్తుంది. అమెరికాలో మామూలు తుపాకులకు కేంద్ర జాబితా లేదు. ఉండకూడదని 1986 చట్టం తేల్చి చెప్పింది. నేరస్థలంలో తుపాకి దొరికితే వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్ ట్రేసింగ్ కేంద్రం వాళ్లు క్రమసంఖ్య పట్టుకుని తయారీ కంపెనీని అడుగుతారు, కంపెనీ టోకు వర్తకుణ్ణి చూపిస్తుంది, అతను దుకాణాన్ని, దుకాణం మొదటి కొనుగోలుదారు నింపిన కాగితాన్ని. ఒకరి తర్వాత ఒకరు సాక్షులు వస్తారు. 1934 చట్టం కిందికి వచ్చే ఆయుధాలకు మాత్రం జాతీయ రిజిస్టరు ఉంది. ఇంట్లో చేసిన పొట్టి రైఫిల్‌కు వర్తకులు ఉండరు, మొదటి కొనుగోలుదారూ ఉండడు. రిజిస్టరులోని పేజీ ఒకటి, లోహం మీది అక్షరం ఒకటి, ఈ రెండే. వాటిలో ఏది తప్పినా రెండోది ఒంటరి సాక్షి అవుతుంది. అందుకే చెక్కేవాడు స్పెల్లింగు మూడుసార్లు చదివించాడు.

అరగదీస్తే పోదా? పైకి పోతుంది. ఫ్యాక్టరీల్లో అచ్చు కొట్టి వేసిన అంకె కింద లోహం కనపడే లోతు కంటే ఇంకా కిందిదాకా నలుగుతుంది. పైపొర అరగదీసినా ఆ నలిగిన చోటు యాసిడ్‌కు మిగతా లోహంలా స్పందించదు. ఫోరెన్సిక్ ప్రయోగశాలలో నునుపుచేసిన ఉపరితలం మీద ద్రావకం అద్దుతూ కూర్చుంటే పోయిన అంకె మసగ్గా పైకి తేలుతుంది, కొన్ని క్షణాలు నిలిచి మళ్లీ మాయమవుతుంది. పక్కన కెమెరా సిద్ధంగా ఉండాలి. కోసిన అక్షరానికీ లేజరు అక్షరానికీ అంత లోపలి నలుగుడు ఉండదు. వాటికి చెక్కిన లోతే ఆధారం. వెయ్యో వంతులు మూడు అన్న అంకెను నేను ఆ తర్వాతే గౌరవంగా చూడటం మొదలుపెట్టాను.

నంబరు చెరిపిన తుపాకి మనదగ్గర ఉండటమే అక్కడ నేరం. తుపాకి ఆంక్షలకు చరిత్రలో ఆధారం ఉండాలని 2022లో సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు ఇచ్చాక, చరిత్రలో క్రమసంఖ్యల నియమం లేదు కాబట్టి ఈ నేరమే రాజ్యాంగ విరుద్ధమని వెస్ట్ వర్జీనియాలో ఒక జిల్లా జడ్జి తీర్పు చెప్పారు. చరిత్ర మాట నిజమే. లైసెన్సున్న తయారీదారులందరూ ప్రతి తుపాకి మీదా నంబరు వేయాలన్నది 1968లో వచ్చిన నియమం, అంతకుముందు చవకరకం తుపాకులు నంబరు లేకుండానే అమ్ముడుపోయేవి. అయినా 2024 ఆగస్టులో నాలుగో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు పూర్తి ధర్మాసనం ఆ తీర్పును కొట్టేసింది. నంబరు చెరిపిన తుపాకిని మంచిపనికి వాడుకునే మామూలు మనిషి ఎవరని వాళ్ల ప్రశ్న. నాకు ఆ ప్రశ్న సబబే అనిపిస్తుంది.

మన ఆయుధాల చట్టం, 1959 కూడా ఈ చెంబును ఎరిగినదే. లైసెన్సు లేకుండా తుపాకి గొట్టం పొట్టి చేయకూడదని ఆరో సెక్షను. గుర్తింపు ముద్ర లేని తుపాకి అమ్మకూడదు, ముద్ర చెరపకూడదని ఎనిమిదో సెక్షను. చెరిపిన తుపాకి ఎవరి దగ్గర దొరికితే వాళ్లే చెరిపారని కోర్టు అనుకుంటుంది, కాదని నిరూపించుకునే భారం వాళ్లదే. అయితే మన చట్టానికి 'ఇంట్లో చేసుకునే పౌరుడు' అన్న ఊహే లేదు. లైసెన్సు లేని తయారీదారు అంటే మనకు నాటు తుపాకి కేసే. పట్టుకున్నాక పంచనామాలో రాస్తాం. అక్కడ ముందే పేరు చెక్కించి పెట్టమంటారు.

ముందే పేరు చెప్పమనడంలోనూ చిక్కుంది. చట్టవిరుద్ధంగా చేసిన తుపాకిని రిజిస్టరు చేసుకోమనడమంటే నేరం ఒప్పుకోమనడమేనని 1968 జనవరిలో హేన్స్ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ ఒత్తిడి చేయరాదు కదా. అదే ఏడాది కాంగ్రెస్ చట్టాన్ని తిరగరాసి, తయారీకి ముందే దరఖాస్తు పెట్టే ఏర్పాటును నిలబెట్టి, ఆ కాగితాల్లోని సమాచారాన్ని పాత నేరాలకు సాక్ష్యంగా వాడకూడదని రాసింది. లోహం మీది అక్షరం ఒప్పుకోలు కాదు, అనుమతి పొందిన గుర్తు. మాస్టారు ఈ తేడాను ఒక చిన్న ప్రశ్నగా పరీక్షలో అడిగేవారు.

మన పేర్ల ఇబ్బంది ఒకటి చెప్పాలి. వ్యక్తి పేరున కాకుండా కుటుంబ ట్రస్టు పేరున తుపాకి రిజిస్టరు చేసుకునేవాళ్లు అక్కడ ఎక్కువ. అప్పుడు చెక్కాల్సింది ట్రస్టు పేరు. అందుకని ట్రస్టు రాయించేటప్పుడే పేరు పొట్టిగా పెట్టుకోమని వకీళ్లు సలహా ఇస్తారు. పొట్టి తుపాకికి పొట్టి పేరు! మా గుంటూరాయనకు ఇంటిపేరు, తాతగారి పేరు, వెంకటేశ్వరుడు, చివర 'రావు' కలిపి ముప్పై పైచిలుకు అక్షరాలు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, పౌరసత్వ పత్రంలో ఇంకోచోట. తేలిగ్గా గుర్తుపట్టే సంక్షిప్త రూపం చాలునని నిబంధన చెబుతుంది గానీ, ఏ రూపమైతే దరఖాస్తుతో కలుస్తుందోనని అతను రెండు రాత్రులు ఆలోచించాడట. ఇంకా పౌరసత్వం రాని మన పిల్లలకు ఒక ముక్క: హెచ్1బీ వంటి వీసా మీదున్నవాళ్లకు, వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకపోతే, ఏ తుపాకీ దగ్గర ఉంచుకునే హక్కు లేదు. స్నేహితుడి తుపాకి పట్టుకుని ఫొటో దిగి పెట్టడం కూడా తెలివైన పని కాదు.

తెలుగులో మనం చట్టాన్నీ శాసనమే అంటాం, రాయి మీద రాతనూ శాసనమే అంటాం. కడప జిల్లా కలమళ్లలో క్రీ.శ. 575 నాటిదిగా చెప్పే రేనాటి చోళుల రాత శాసనమే, మన శాసనసభ చేసేదీ శాసనమే. చెక్కితేనే ఆజ్ఞ అన్న పాత నమ్మకం భాషలో మిగిలిపోయింది. 5842వ సెక్షను చదివినప్పుడు నాకు ఆ రెండు అర్థాలూ ఒకే చోట కనిపించాయి. చట్టం అక్కడ కాగితం మీద ఆగకుండా లోహం మీదికి ఎక్కింది.

అసలు ఈ 1934 చట్టం పుట్టుకే పన్ను చట్టంగా. తుపాకులను నేరుగా నియంత్రించే అధికారం కేంద్రానికి ఉందా అన్న సందేహంతో, పన్ను వేసే అధికారాన్ని అడ్డం పెట్టుకున్నారు. 1937లో సాన్‌జిన్‌స్కీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని పన్నుగానే ఒప్పుకుంది. 1934లో 200 డాలర్లంటే కొత్త థాంప్సన్ మెషిన్‌గన్ ధరంత. తొంభై ఏళ్లలో దాన్ని ఒక్క సెంటు పెంచలేదు. 2025 జులై 4న సంతకమైన చట్టం పొట్టి రైఫిళ్లు, సైలెన్సర్ల మీద ఆ పన్నును 2026 జనవరి 1 నుంచి సున్నా చేసింది. మెషిన్‌గన్లకు పాత రేటే. పన్నే లేనప్పుడు పన్ను కోసం పెట్టిన రిజిస్టరు దేనికని దావాలు పడ్డాయి. వాదన బలహీనమైనదేమీ కాదు. కానీ నాకు కనిపిస్తున్నది వేరు: చందా మాఫీ అయింది, పుస్తకం మూసేయలేదు. దరఖాస్తు అలాగే ఉంది, వేలిముద్రలు ఉన్నాయి, వెయ్యో వంతులు మూడు ఉన్నాయి. ఇన్నాళ్లూ ఈ ఏర్పాటుకు ప్రాణం ఆ పన్ను స్టాంపులో ఉందని అందరూ అనుకున్నారు. అది అక్షరంలో ఉందని మాస్టారైతే మొదటిరోజే చెప్పేవారు.

మొన్న జనవరిలో మా గుంటూరాయన ఫోన్ చేశాడు. పన్ను లేదు కదాని రెండోది చేసుకుంటున్నాడట. "అంకుల్, ఈసారి ఇంటిపేరు ముందు పెట్టనా, వెనక పెట్టనా?" అన్నాడు. మొదటిదాని మీద ఎలా ఉందని అడిగాను. చూసి చెబుతానని ఫోన్ పక్కన పెట్టాడు. ఇనప్పెట్టె తలుపు తీసిన చప్పుడు వినిపించింది.